"మీరే చూసి సంతకం పెట్టారు కదా": ఈ మాట వయసెంత?



ఈ వారం కందిలో పురుగు గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారానికి జరుపుతున్నా. ఈసారి ఒక మాట గురించి రాయాలనిపించింది. మీలో దాదాపు ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట పడ్డ మాటే అది.

"మీరే చూసి సంతకం పెట్టారు కదా సార్."

విత్తనాల షాపులో ఇదే మాట. మొలక రాలేదని పోతే "ప్యాకెట్ మీరే చూసి తీసుకున్నరు, సీలు ఉన్నది, రశీదు ఉన్నది, ఇంకేం గావాలె" అంటారు. బోరు మోటరు కాలితే ఇదే మాట. ట్రాక్టరు షోరూంలో ఇదే మాట. కార్ల షోరూంలో అయితే ఏసీ గదిలో కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, రెండుసార్లు ఎక్కువ "సార్" అని పిలిచి మరీ అంటారు.

లోపలి అర్థం ఎక్కడైనా ఒకటే. నీకు కళ్లున్నాయి, చూసుకోకపోవడం నీ తప్పు. నాకు నోరున్నా, చెప్పాల్సిన పని నాకు లేదు.

ఈ మాట ఇప్పటిది కాదు. దీన్ని అడ్డుకోవడానికి మనుషులు రెండు వేల ఏళ్ల నుంచి చట్టాలు రాస్తూనే ఉన్నారు. ఆ కథ చెప్తా. పోస్టు పొడుగే, తీరిక చేసుకుని చదవండి.

తార్నాక సంగతి

ఇప్పుడెందుకు ఇది ఎత్తుకున్నానంటే, మా అక్కవాళ్లు తార్నాకలో ఉంటారు. బావ యూనివర్సిటీలో ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. వచ్చిన డబ్బులోంచి 9 లక్షల 80 వేలు పెట్టి కొత్త కారు కొన్నాడు. ఆయన జీవితంలో మొదటి కారు. నలభై రోజులకు గల్లీలో ఆటో తగిలి వెనక డోరు గీసుకుపోయింది. డెంటింగ్ షాపుకు తీసుకపోతే అక్కడి పెయింటరు గీత పక్కన గోటితో గీకి చూశాడు. "సార్, ఈ డోరుకు ఇంతకుముందే ఒకసారి రంగు పడ్డది. లోపల పుట్టీ ఉన్నది. దీని పక్క షీటు గూడ కొట్టి సాపు చేసిందే" అన్నాడు. రంగు మందం కొలిచే మీటరు పెట్టి చూపించాడు. మిగతా డోర్ల మీద ఒక లెక్క, ఈ డోరు మీద దానికి మూడింతలు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి, ఆ ఆటో తప్ప, కారుకు ఎక్కడా ఏదీ తగల్లేదు. అంటే దెబ్బ దారిలోనో, స్టాక్‌యార్డులోనో, షోరూంలోనో తగిలింది. ఎవరో బాగుచేశారు. ఎవరూ చెప్పలేదు. షోరూం పేరు, కంపెనీ పేరు రాయను. కేసు నడుస్తోంది.

షోరూంవాళ్లు మూడు మాటలు చెప్పారు. ఒకటి: "డెలివరీ రోజు మీరే చూసి సంతకం పెట్టారు." రెండు: "ఇదేం పెద్ద డ్యామేజీ కాదు సార్, చిన్న టచప్. కావాలంటే ఒక సర్వీసు ఫ్రీ, సీటు కవర్లు ఫ్రీ." మూడు: "మాకు ఎట్లా వచ్చిందో అట్లానే ఇచ్చినం, కంపెనీని అడగండి." కంపెనీకి మెయిలు పెడితే, "మేం డీలరుకు అమ్మాం, మీకు అమ్మింది డీలరు" అని జవాబు.

మా మేనకోడలు క్యాంపస్‌లోనే లా కాలేజీలో చదువుతోంది. నేను పది రోజులు అక్కడ ఉన్నాను. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ దాకా నడుస్తూ ఆ పిల్ల ఇంగ్లీషు తీర్పులు తెలుగులో చెప్పేది, నేను అడ్డం పడి ప్రశ్నలు వేసేవాణ్ణి. షోరూంవాళ్లు చెప్పిన ఒక్కో మాటకు చరిత్రలో ఒక్కో జవాబు ఉంది. వరసగా చూద్దాం.

మొదటి మాట: "మీరే చూసుకున్నారు"

సంతలో ఎద్దును కొన్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాం. సుడులు చూస్తాం. డెక్కలు చూస్తాం. నాలుగడుగులు నడిపిస్తాం. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం తెంచుకుంటాం. ఇవన్నీ కంటికి కనబడేవి. కానీ కాడి కట్టగానే పడుకునే ఎద్దు, రాత్రిపూట దగ్గే ఎద్దు, కొత్త మనిషిని చూస్తే కొమ్ము విసిరే ఎద్దు సంతలో తెలియవు. వాటి సంగతి అమ్మేవాడికి ఒక్కడికే తెలుసు. నిన్నటిదాకా అతని కొట్టంలోనే కదా ఉంది.

కొత్త రంగు కింద ఉన్న పుట్టీ కూడా అట్లాంటిదే.

పాతకాలం వాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అమ్మిన సరుకు, కొన్న సరుకు వెనక్కి ఇవ్వడం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. బేరం నచ్చకపోతే వెనక్కి తీసుకునేందుకు వర్తకులకు ఒక రాత్రి, సేద్యం చేసేవాళ్లకు మూడు రాత్రులు, పశువులు కాసేవాళ్లకు ఐదు రాత్రులు గడువు పెట్టాడు. వర్తకుడికి సరుకు తెలుసు, ఒక రాత్రి చాలు. రైతుకు ఇంటికి తెచ్చుకుని వాడి చూస్తే గానీ తెలియదు, అందుకే మూడు. గడువుల్లోని తేడా నాకు అట్లా అర్థమైంది. రోగం ఉన్న పశువును ఆరోగ్యంగా ఉందని చెప్పి అమ్మితే 12 పణాల జరిమానా అని కూడా అక్కడే రాశాడు.

అటు రోమ్ నగరంలో సంతల మీద పెత్తనం చేసే అధికారులు ఉండేవాళ్లు. బానిసలను, పశువులను అమ్మేవాడు వాటి రోగాలను, లోపాలను ముందే బయటికి చెప్పాలని వాళ్లు ఆజ్ఞ పెట్టారు. మనుషుల్ని అమ్మడమే ఘోరం, ఆ సంగతి వేరే. మనకు కావలసింది అందులోని నియమం. చెప్పని లోపం బయటపడితే కొన్నవాడు ఆరు నెలల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు, లేకపోతే ఏడాదిలోపు ధర తగ్గించమని అడగొచ్చు. "నాకూ తెలియదు" అని అమ్మినవాడు తప్పించుకోవడానికి లేదు. లోపం దాచిన సరుకుకు ఇప్పుడు కోర్టులు ఇప్పించేవి కూడా ఎక్కువగా ఈ రెండే: సరుకు వెనక్కి తీసుకోవడం, లేదా తగ్గిన విలువ కట్టివ్వడం.

మరి "చూసుకున్నావు కాబట్టి నీదే తప్పు" అనే మాటకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? ముఖ్యంగా ఇంగ్లాండు నుంచి. 1603లో అక్కడ ఒక కేసు నడిచింది. రాళ్లూ నగలూ తెలిసిన ఒక కంసాలి, మేకల్లాంటి జంతువుల కడుపులో దొరికే బెజోర్ అనే రాయి అని చెప్పి ఒకతనికి 100 పౌండ్లకు ఒక రాయి అమ్మాడు. విషానికి విరుగుడని ఆ రాయికి అప్పట్లో పెద్ద పేరు. అది అసలు బెజోర్ కాదని కొన్నవాడు కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు. అమ్మినవాడు "ఇది బెజోర్" అన్నాడే గానీ "హామీ ఇస్తున్నా" అనలేదు, కాబట్టి దావా చెల్లదు అన్నారు. 100 పౌండ్లు ఆ రోజుల్లో ఎంత సొమ్మో ఆలోచించండి.

ఆ పద్ధతి రెండు వందల ఏళ్లకు పైగా నడిచింది. యంత్రాలు, మిల్లులు వచ్చి, కొనేవాడు లోపలికి తొంగి చూడలేని సరుకు పెరిగిన కొద్దీ జడ్జిలు మెల్లగా మినహాయింపులు పెట్టుకుంటూ వచ్చారు. 1893లో ఇంగ్లాండు వాటిని సరుకుల అమ్మకం చట్టంగా రాసుకుంది. దాన్ని చూసే 1930లో బ్రిటిష్ ఇండియా మన సరుకుల అమ్మకం చట్టం చేసింది. అంతకుముందు ఆ నియమాలు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒక భాగంగా ఉండేవి.

ఇక్కడ మన హైదరాబాద్ సంగతి ఒకటి. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. ఉర్దూలో పైచదువులు చెప్పాలని పెట్టారు. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరిచారు. అప్పట్లో తార్నాక వైపు తోటలు. తీగ కంచె వేసిన తోట, దానికొక నాకా ఉండేదని, "తార్" "నాకా" కలిసి ఈ పేరు వచ్చిందని చెప్తారు. ఆ రోజుల్లో ఇది నిజాం సంస్థానం. ఢిల్లీలో చేసిన చట్టం ఇక్కడ దానంతట అది నడిచేది కాదు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ఇక్కడికి వచ్చింది 1951లో, సంస్థానం భారతదేశంలో కలిశాక.

ఆ చట్టంలో 16వ సెక్షన్ మా బావకు పనికొచ్చింది. కొనేవాడు సరుకును పరీక్షించి తీసుకుంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత అడగలేడు అంటుంది. మేనకోడలు ఈ ముక్క చెప్పగానే బావ ముఖం మాడిపోయింది. "అయితే వాళ్లు చెప్పిందే కరెక్టు గదా" అన్నాడు. "కాదు మామయ్యా, మళ్లీ వినండి" అని నా వైపు తిరిగి చెప్పింది ఆ పిల్ల. 'పరీక్షలో బయటపడాల్సిన లోపం' అన్నారు. అద్దం పగిలి ఉంటే, సీటు చిరిగి ఉంటే మనం చూడాల్సిందే. డోరుకు పుట్టీ పెట్టి, రంగు కొట్టి, పాలిష్ చేసింది చూపుకు దొరకకుండా ఉండటానికే కదా. దొరకకుండా చేసినవాడే "నువ్వెందుకు పట్టుకోలేదు" అని అడిగితే ఎట్లా?

సంతకం దేని మీద పెట్టామో కూడా చూడాలి. డెలివరీ కాగితం మీద పెట్టే సంతకం కారు అందిందని చెప్తుంది. తెలియని లోపాన్ని ఒప్పుకున్నానని చెప్పదు.

రెండో మాట: "చిన్న టచప్పే కదా"

ఈ మాటకు అచ్చం సరిపోయే కేసు అమెరికాలో జరిగింది. కార్లు కొనే ప్రతి మనిషీ తెలుసుకోవాల్సిన కేసు.

1990 జనవరిలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో గోర్ అనే డాక్టరు నల్లరంగు బీఎండబ్ల్యూ కారు కొన్నాడు. ధర దాదాపు 40,750 డాలర్లు. తొమ్మిది నెలల తర్వాత కారుకు ఇంకాస్త మెరుపు పెట్టిద్దామని ఒక పాలిష్ షాపుకు తీసుకుపోయాడు. అక్కడి మనిషి చూసి, ఈ కారుకు మళ్లీ రంగు వేశారని చెప్పాడు. చూశారా, అక్కడా కనిపెట్టింది చేతిపని చేసేవాడే.

విచారిస్తే తెలిసింది ఇది. జర్మనీ నుంచి వచ్చే దారిలో ఆమ్లవర్షం పడి రంగు దెబ్బతిన్నది. అమెరికాలో దిగాక కంపెనీవాళ్లే మళ్లీ రంగు వేయించారు. దానికైన ఖర్చు 601 డాలర్లు, అంటే కారు ధరలో ఒకటిన్నర శాతం. బీఎండబ్ల్యూకు అప్పట్లో ఒక లెక్క ఉండేది. మరమ్మతు ఖర్చు ధరలో 3 శాతం లోపు ఉంటే డీలరుకు కూడా చెప్పరు, కారును కొత్తదిగానే అమ్ముతారు. అట్లా మరమ్మతు చేసి కొత్తవిగా అమ్మిన కార్లు దేశం మొత్తంలో 983 ఉన్నాయని కోర్టులో తేలింది.

కంపెనీ వాదన మన షోరూం వాదనే: చిన్న పని, కారు నడకకు ఏ ఇబ్బందీ లేదు, బాగుచేశాక కొత్తదానితో సమానం. జ్యూరీ వినలేదు. మళ్లీ రంగు వేసిన కారు విలువ 10 శాతం తగ్గుతుందని లెక్కగట్టి నష్టం 4,000 డాలర్లు అన్నారు. దాని మీద శిక్షగా ఇంకో 40 లక్షల డాలర్లు వేశారు. అలబామా సుప్రీంకోర్టు దాన్ని 20 లక్షలకు తగ్గించింది. 1996 మే 20న అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా, ఇది మరీ ఎక్కువ అని కొట్టేసి వెనక్కి పంపింది. చివరికి 1997లో శిక్ష సొమ్ము 50,000 డాలర్ల దగ్గర ఆగింది.

చాలామంది ఈ కేసును "కోర్టు సొమ్ము తగ్గించింది" అనే చెప్తారు. నాకు మాత్రం వేరేది ముఖ్యంగా కనబడింది. సొమ్ము ఎంత అన్నదాని మీద అన్ని ఏళ్లు కొట్లాడారు గానీ, జ్యూరీ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే కంపెనీ తన 3 శాతం లెక్కను చెత్తబుట్టలో వేసింది. ఎంత చిన్న మరమ్మతు అయినా సరే చెప్పాల్సిందే అని దేశమంతటికీ కొత్త పద్ధతి పెట్టుకుంది. గోర్ గెలిచింది అక్కడ. అతని తర్వాత కొన్నవాళ్లందరూ గెలిచింది కూడా అక్కడే.

మన దేశంలో ఈ సంగతి చట్టంలోనే రాసి ఉంది. ఎంతమందికి తెలుసో గానీ, గుర్తు పెట్టుకోండి. గుత్తాధిపత్యాలను ఆపడానికి 1969లో ఎంఆర్‌టీపీ చట్టం చేశారు. 1984లో దానికి సవరణ చేసి, "అన్యాయమైన వ్యాపార పద్ధతులు" ఏమేమిటో జాబితా ఇచ్చారు. బాగుచేసిన, వాడిన, పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడం అందులో ఒకటి. 1986 వినియోగదారుల రక్షణ చట్టంలోకి, ఇప్పుడు నడుస్తున్న 2019 చట్టంలోకి ఆ మాట అట్లానే వచ్చింది. అంటే ఇక్కడ అడగాల్సింది మరమ్మతు చిన్నదా పెద్దదా అని కాదు. బాగుచేసినదాన్ని కొత్తదని అమ్మారా లేదా అని.

చిన్నదైతే ఎందుకు దాచారు? చెప్పి, ఇరవై వేలు తగ్గిస్తే బావ సంతోషంగా తీసుకునేవాడు. దాచడానికి వాళ్లకు ఒక కారణం ఉందంటే, చెబితే ధర తగ్గుతుందని వాళ్లకూ తెలుసన్నట్టే.

1970లో అకర్‌లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త దీని మీదే ఒక వ్యాసం రాశాడు. పాత కార్ల బజారులో సరుకు సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అట్లాంటి చోట చెడ్డ సరుకు మంచి సరుకును బయటికి తరిమేస్తుంది అన్నాడు. దాన్ని మొదట పత్రికలు తిప్పి పంపాయి, తర్వాత 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. అందులో మన దేశం ప్రస్తావన కూడా ఉంది. బజారు బియ్యంలో అదే రంగు, అదే ఆకారం ఉన్న రాళ్లు కావాలనే కలుపుతారని, మన ఆడవాళ్లు వాటిని ఏరుకోవాల్సి వస్తుందని రాశాడు. చేటలో బియ్యం పోసుకుని కూర్చున్న మా అమ్మ గుర్తొచ్చింది. రాయి అయితే ఏరొచ్చు. డోరు కింద పుట్టీని ఏ చేటతో చెరగాలి?

మూడో మాట: "కంపెనీని అడగండి"

డీలరు కంపెనీని చూపిస్తాడు, కంపెనీ డీలరును చూపిస్తుంది. మధ్యలో మనం బంతి.

ఈ ఆట కూడా పాతదే. అమెరికాలో ఒక రాళ్లు చెక్కే పనిమనిషి డీలరు దగ్గర బ్యూక్ కారు కొన్నాడు. చక్రం ఆకులు నాసిరకం కర్రతో చేసినవి. నడుస్తుండగా విరిగి కారు కూలబడింది, అతనికి దెబ్బలు తగిలాయి. "మేం అమ్మింది డీలరుకు, ఇతనితో మాకు ఒప్పందం లేదు" అని కంపెనీ అన్నది. 1916లో న్యూయార్క్ కోర్టులో జడ్జి కార్డోజో ఆ వాదన తోసిపుచ్చాడు. కారును వాడేది డీలరు కాదు, కొనేవాడని కంపెనీకి ముందే తెలుసు, కాబట్టి జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత దానిదే అన్నాడు.

అట్లా అని ప్రతిసారీ కంపెనీయే కట్టదు. 2021 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు గోవా కేసు ఒకటి తేల్చింది. 2011 మోడల్ టాటా కారుకు డబ్బు కట్టిన మనిషికి డీలరు 2009లో తయారైన కారు ఇచ్చాడు. అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగింది. కింది భాగం తుప్పు పట్టింది, డోర్ల మీద, ముందు అద్దం మీద గీతలు ఉన్నాయి. కింది కమిషన్లు డీలరుతో పాటు కంపెనీని కూడా బాధ్యులను చేశాయి. సుప్రీంకోర్టు మాత్రం, కంపెనీ డీలరుకు సరుకు అమ్మేసింది, డీలరు చేసిన మోసంలో కంపెనీకి పాత్ర ఉందని ఎవరూ నిరూపించలేదు, కాబట్టి డీలరే బాధ్యుడు అన్నది.

ఇందులో మనకు పనికొచ్చేది ఇది. దెబ్బ ఎవరి చేతిలో ఉండగా తగిలింది, ఎవరికి తెలుసు అనేది రికార్డులో పెట్టించాలి. అందుకే ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చాలి. అప్పుడు కారు ఎప్పుడు ఫ్యాక్టరీ దాటింది, ఏ లారీలో వచ్చింది, స్టాక్‌యార్డులో దిగినప్పుడు ఏం రాసుకున్నారు, డెలివరీకి ముందు తనిఖీ కాగితంలో ఏముంది అన్నవి తెప్పించమని కమిషన్‌ను అడగొచ్చు. ఒకరిని వదిలేస్తే, ఉన్నవాడు లేనివాడి మీద తోసేస్తాడు.

ఇంకో హెచ్చరిక మన హైదరాబాద్ నుంచే. 2009 సెప్టెంబర్ 25న ఇక్కడి ఒక కంపెనీ బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొన్నది. నాలుగు రోజులకే లోపం బయటపడింది. నవంబర్‌లో మళ్లీ అదే. వాళ్లు పోలీసు కేసు పెట్టారు, మోసం అని. 2012 మార్చిలో హైకోర్టు మోసం కేసు నిలబడదని కొట్టేసింది, కానీ కొత్త కారు ఇవ్వమన్నది. కారు మారుస్తామని తయారీ కంపెనీ అన్నది, కొన్నవాళ్లు వడ్డీతో డబ్బు కావాలన్నారు. అట్లా సాగి సాగి 2024 జులై 10న సుప్రీంకోర్టులో తెగింది. కేసు కొట్టివేతను ఉంచి, మొత్తం తగాదాకు ముగింపుగా 50 లక్షలు కట్టమన్నారు. దాదాపు పదిహేనేళ్లు.

అంత పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది. మనలాంటివాళ్లకు పోలీస్ స్టేషన్ దారి కంటే వినియోగదారుల కమిషన్ దారే మేలని నాకు అనిపించింది. మోసం చేయాలన్న ఉద్దేశం నిరూపించడం కష్టం. బాగుచేసిన దాన్ని కొత్తదని అమ్మారని నిరూపించడం అంత కష్టం కాదు.

రైతు కూడా వినియోగదారుడే

ఇదంతా కార్లున్నవాళ్ల గొడవ అనుకోకండి. మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసు ఒకటి దేశానికే దారి చూపింది. జాతీయ విత్తన సంస్థ దగ్గర కొన్న విత్తనాలతో పంట దెబ్బతిన్నదని వేర్వేరు జిల్లాల రైతులు వినియోగదారుల ఫోరాలకు పోయారు. సంస్థ ఎన్నో అడ్డంకులు పెట్టింది. రైతు వినియోగదారుడు కాదన్నది, విత్తన చట్టం వేరే ఉంది కదా అన్నది. విత్తనం నమూనాను ల్యాబుకు పంపి పరీక్ష చేయించకుండా ఎట్లా తేలుస్తారన్నది.

2012 జనవరి 16న సుప్రీంకోర్టు రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది. రైతు వినియోగదారుడే అన్నది. కొన్న విత్తనమంతా రైతు చేలో చల్లుతాడు, ల్యాబు కోసం కొంత దాచిపెట్టుకోవాలని అతని నుంచి ఆశించలేం అన్నది. ఎవరి దగ్గర ఏ రుజువు ఉంటుందో చూసి అడగాలి గానీ, లేనివాడిని తెమ్మంటే అర్థం లేదు. డోరు సంగతీ అంతే. అది ఎక్కడ బాగుచేశారన్న కాగితం బావ దగ్గర ఉండదు. ఉంటే వాళ్ల దగ్గరే ఉంటుంది.

మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు

బండి, ట్రాక్టరు, కారు ఏది తీసుకున్నా పగటి వెలుతురులోనే తీసుకోండి. రాత్రిపూట లైట్ల కింద పూలదండ వేసి ఇచ్చే డెలివరీ ఫొటోకు బాగుంటుంది, రంగు తేడా కనబడదు. ఛాసిస్ నంబరు ఇన్‌వాయిస్‌తో పోల్చండి. తయారైన నెల, తిరిగిన కిలోమీటర్లు చూడండి. డోర్ల సందులు, రబ్బర్ల కింద అంచులు, బోల్టుల మీద పానా గుర్తులు చూస్తూ ఫోనులో వీడియో తీయండి. తనిఖీ కాగితం కాపీ అడగండి. అనుమానం ఉంటే సంతకం పక్కనే చేత్తో రాయండి.

తర్వాత లోపం బయటపడితే వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. అమ్మకం చట్టం ప్రకారం చాలా రోజులు మాట్లాడకుండా ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. ఫోన్లో చెప్పింది లెక్కకు రాదు. మెయిలు, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పెట్టండి. రుజువు తీసుకోకముందే వాళ్లకే మరమ్మతుకు ఇవ్వకండి. బావ ఆ గీతను ఇప్పటికీ బాగుచేయించలేదు. అక్క రోజూ సతాయిస్తుంది, ఆయన వినడు. "అదే నా సాక్షి" అంటాడు.

ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటనే వేయొచ్చు, షోరూం ఎక్కడున్నా సరే. కట్టిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. ముందు సలహా కావాలంటే 1915కు ఫోన్ చేయండి.

షోరూంవాళ్లు ఇప్పుడు సీటు కవర్లు మానేసి, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇస్తామంటున్నారు. బావ అడిగేది రెండే: కారు మార్చండి, లేదా తగ్గిన విలువ కట్టి, ఈ డోరు బాగుచేసిందని కాగితం మీద రాసివ్వండి. ఆ రెండో దానికే వాళ్లు ఎక్కువ భయపడుతున్నారు. సొమ్ము ఇస్తారేమో గానీ రాసివ్వరు. రేపు ఆ కారు అమ్మాల్సి వస్తే కొనేవాడికి నిజం చెప్పాలి కదా, నేనూ వాళ్లలాగ దాచలేను అంటాడు బావ.

మీ దగ్గర విత్తనం ప్యాకెట్టు, మోటరు, ట్రాక్టరు ఇట్లాంటి కేసు ఏదైనా ఉంటే కింద రాయండి. షాపు పేరు రాయకండి. ఏం కొన్నారు, ఏం బయటపడింది, వాళ్లు ఏమన్నారు, మీ దగ్గర ఏ కాగితం ఉంది, ఈ నాలుగు రాయండి చాలు. కందిలో పురుగు సంగతి వచ్చే వారం తప్పకుండా.